గట్టు అవతల మిసిసిపీ

హ్యూస్టన్ నుంచి ఐ-10 హైవే పట్టుకుని తూర్పుకి ఆరు గంటల దారి. లూసియానాలోకి వచ్చామో లేదో, ఎటు చూసినా నీళ్లే. అచఫలాయా చిత్తడి మీద వేసిన వంతెన ఒక్కటే 29 కిలోమీటర్లు. కింద నీళ్లలో సైప్రస్ చెట్లు, వాటి కొమ్మల నుంచి జడల్లా వేలాడుతున్న బూడిదరంగు నాచు. "మన మడ అడవుల్లా ఉందిరా," అంది వెనక సీట్లోంచి అమ్మ. అమ్మది దివిసీమ. నీళ్ల సంగతి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

న్యూ ఆర్లీన్స్‌లో కారు దిగగానే కళ్లజోళ్లకి ఆవిరి పట్టేసింది. బందరు ఉక్కపోత సముద్రం దాటి వచ్చిందనుకోండి. మధ్యాహ్నం దాకా మాడ్చే ఎండ, మూడింటికి ఉరుములతో వాన, నాలుగింటికి మళ్లీ ఎండ. ఉన్న మూడు రోజులూ ఇదే వరస. పిల్లల సెలవులని జూన్‌లో వెళ్లాం గానీ, మీరు మాత్రం మార్చిలో వెళ్లండి.

ఫ్రెంచివాళ్లు 1718లో కట్టిన ఊరిది. పాతపేటని ఇప్పటికీ ఫ్రెంచ్ క్వార్టర్ అనే అంటారు గానీ, 1788లో ఒకసారి, 1794లో ఒకసారి తగలబడిపోతే, తిరిగి లేచింది స్పెయిన్ ఏలుబడిలో. తర్వాత మళ్లీ ఫ్రెంచివాళ్ల చేతికొచ్చింది. 1803లో నెపోలియన్ ఈ ఊరితో పాటు రాకీ పర్వతాల దాకా ఉన్న నేలంతా కోటీ యాభై లక్షల డాలర్లకి అమెరికాకి అమ్మేశాడు. మిగతా రాష్ట్రాల్లో దాదాపు అన్నిచోట్లా జిల్లాల్లాంటి కౌంటీలుంటే లూసియానాలోవి పారిష్‌లు, 64.

1862 నాటి కఫే దు మోండ్‌లో కాఫీ తాగాం. చికోరీ కలిపిన కాఫీ. అమ్మ వాసన చూసి, "అమెరికా వచ్చాక ఇదే మొదటి కాఫీ," అని తేల్చేసింది. తర్వాత ఎదురుగా ఉన్న మెట్లెక్కించాను. "ఏటికి దిగాలి గానీ ఎక్కుతామేంట్రా?" అంది. పైకెక్కితే మిసిసిపీ. వరద రోజుల్లో దాని మట్టం వెనక వీధుల కన్నా ఎత్తు. అమ్మ ఏటినీ ఊరినీ మార్చి మార్చి చూసి, "గట్టు గట్టిదేనా?" అని మాత్రం అడిగింది.

గంబో అనే పులుసుకి ఆ పేరు బెండకాయకి ఆఫ్రికావాళ్లు పెట్టుకున్న పేరు నుంచే వచ్చింది. రొయ్యలేసిన బెండకాయ పులుసు, అన్నంతో. వేరే వివరం అక్కర్లేదు.

మర్నాడు విట్నీ ప్లాంటేషన్‌కి వెళ్లాం. అది చెరకు తోట. 2014 నుంచి బానిసల కథ చెప్పే మ్యూజియం. అక్కడి పెద్ద ఇనప బానల్ని చూసి అమ్మ "బెల్లం పెనాలు!" అంటూ ముచ్చటపడింది. అందులో రసం మరిగించినవాళ్లు ఎవరో చెప్పాక ఆ ముచ్చట పోయింది. రాతి పలకల మీద లూసియానా బానిసల పేర్లు లక్షకు పైగా చెక్కారు. అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. రెండు వరసలు చదివి, "వీళ్లకి ఇంటిపేర్లేవిరా?" అంది. చాలామందికి లేవు.

చివరి రోజు నేనొద్దనుకున్నా, లోయర్ నైన్త్ వార్డ్ చూస్తానంది. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫానుకి కాలవ గోడ తెగి నీళ్లు ఇళ్లని ఎత్తుకుపోయిన పేట అది. ఆ తుఫానుకి నగరంలో 80 శాతం మునిగింది. ఇప్పటికీ గడ్డి మొలిచిన ఖాళీ స్థలాలు, కొన్నిచోట్ల ఇల్లు లేని గుమ్మం మెట్లు. దివిసీమని ఉప్పెన ముంచేసిన 1977 నవంబరు 19 రాత్రి గురించి అమ్మ మాతో ఎప్పుడూ పెద్దగా మాట్లాడలేదు. ఆ మెట్ల దగ్గర ఆగి, వాటిమీది ఆకులు చేత్తో పక్కకి తోసి కూర్చుంది.

"వీళ్లకి మెట్లన్నా మిగిలాయి. మావి మట్టి గోడలు కదా, తెల్లారేసరికి మా ఇల్లెక్కడో మాకే ఆనవాలు తెలీలేదు."

మూడయింది. ఉరుము వినపడి, కారెక్కాం.