మ్యాప్ లైకెన్‌కి ప్రమాదం లేదట, ఏ లెక్కన?

హిమాలయాల్లో ట్రెక్‌కి వెళ్లొచ్చినవాళ్ల ఫొటోల్లో మనుషుల్ని కాసేపు పక్కన పెట్టి వెనకాల ఉన్న రాళ్లని చూడండి. పసుపు కలిసిన ఆకుపచ్చ మచ్చలు, ఒక్కోదాని చుట్టూ సన్నటి నల్లటి గీత, పక్కపక్క మచ్చలు ఒకదాన్నొకటి ఒరుసుకుని జిల్లాల సరిహద్దులు గీసిన మ్యాపులా ఉంటాయి. అది రాయి రంగు అనుకుంటారు చాలామంది. కాదు, అది ప్రాణమున్న లైకెన్, ఒక శిలీంధ్రమూ ఒక శైవలమూ కలిసి బతికే బతుకు. మ్యాప్ లైకెన్ అంటారు, శాస్త్రీయ నామం రైజోకార్పాన్ జియోగ్రాఫికమ్. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లోనే దీన్ని నమోదు చేశాడు.

చలి, సున్నం లేని గట్టి రాయి, ఓ మోస్తరు శుభ్రమైన గాలి ఉంటే చాలు దీనికి. గ్రీన్‌లాండ్, నార్వే, స్కాట్లాండ్, ఆల్ప్స్, రాకీ పర్వతాలు, మన హిమాలయాలు, అటు దక్షిణాన పటగోనియా, అంటార్కిటికా వరకూ ఉంది. మన తెలంగాణ గ్రానైట్ కూడా సున్నం లేని రాయే, కానీ ఈ ఎండలు దీనివల్ల కాదు, మన గుట్టల మీద కనిపించే మచ్చలు వేరే లైకెన్లవి. 2005లో యూరప్ శాస్త్రవేత్తలు దీన్ని ఫోటాన్-ఎం2 ఉపగ్రహంలో పంపి రెండు వారాల పాటు అంతరిక్షపు శూన్యానికీ అతినీలలోహిత కిరణాలకీ వదిలేస్తే, తిరిగొచ్చాక మళ్లీ కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టింది!

ఇంత మొండిది కాబట్టి, ఇన్ని చోట్ల ఉంది కాబట్టి, దీన్ని ఎవరూ ప్రమాదంలో ఉన్న జాతిగా చూడరు. బ్రిటన్ లైకెన్ల జాబితాలో ఆందోళన అక్కర్లేని వర్గంలో ఉంది, అమెరికాలో నేచర్‌సర్వ్ సంస్థ కూడా ప్రపంచ స్థాయిలో భద్రంగా ఉందనే అంటుంది. అందులో తప్పేమీ లేదు. అసలు ఏ జాతికి ఎంత ప్రమాదముందో చెప్పే ప్రపంచ జాబితా, ఐయూసీఎన్ రెడ్ లిస్టులో లైకెన్లకి మొదటిసారి చోటు దొరికిందే 2003లో, అదీ రెండే రెండు జాతులకి, కాబట్టి ఇంత మామూలుగా దొరికేదాని గురించి తొందరపడాలని నేనూ అనను. మన బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే, దాన్ని కొండల్లో, అడవుల్లో గీకి బస్తాలకెత్తుతారు. మ్యాప్ లైకెన్‌కి ఆ బాధ లేదు, రాయికి ఎంత గట్టిగా అంటుకుని ఉంటుందంటే రాయి ముక్కతో సహా చెక్కితే తప్ప ఊడదు.

కానీ ఈ లెక్కంతా జాతికి సంబంధించింది. ఒక్కో మచ్చ వయసు ఇందులో ఎక్కడా రాదు, నా బాధ అక్కడే. ఇది పెరిగేది చాలాచోట్ల ఏడాదికి ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. ఏడాదికి అర మిల్లీమీటరు చొప్పున వెడల్పయ్యే చోట పది సెంటీమీటర్ల మచ్చ అంటే 200 ఏళ్లు, అంటే ఇక్కడ కంపెనీ పాలన నడుస్తున్నప్పుడు మొదలైన ప్రాణి ఇంకా పెరుగుతూనే ఉంది. ఆర్కిటిక్‌లో వేల ఏళ్లవీ ఉన్నాయంటారు. 1950లో రోలాండ్ బెషెల్ అనే శాస్త్రవేత్త దీన్నే ఒక పద్ధతిగా మార్చాడు: హిమానీనదం వెనక్కి వెళ్లినప్పుడు వదిలిన రాళ్ల మీద అన్నిటికన్నా పెద్ద మచ్చని కొలిస్తే ఆ రాయి మీంచి మంచు ఎప్పుడు తొలగిందో అంచనా వేయొచ్చు. పెరుగుదల ఊరికో రకంగా ఉంటుంది కాబట్టి, దగ్గర్లో తేదీ చెక్కిన సమాధి రాళ్ల మీది మచ్చలతో పోల్చి సరిచూస్తారు. దీని కచ్చితత్వం మీద వాదనలున్నాయి, ఉండాలి కూడా, అయినా రాతలేమీ లేని లోయల్లో ఇది చెప్పే మాట చిన్నదేం కాదు.

అలాంటి రాయి మీద పేరు చెక్కుతారు, లవ్ గుర్తు పెయింట్ చేస్తారు, రాక్ క్లైంబింగ్ చేసేవాళ్లు పట్టు కోసం వైర్ బ్రష్‌తో గీకుతారు, సమాధి రాళ్లని కొత్తగా కనిపించాలని కడిగేస్తారు. జాతి పట్టికలో ఒక్క అక్షరం మారదు, ఆ రాయి మీద మాత్రం 200 ఏళ్లు పోయాయి. ట్రెక్ గ్రూపులు నడిపేవాళ్లకి నా మాట ఇది: దారి గుర్తు తప్పనిసరైతే మచ్చల్లేని రాయి వెతికి దాని మీద వేయండి, కొత్తగా విరిగిపడిన రాళ్ల మీద ఇంకా ఏమీ మొలిచి ఉండదు, అవి దారి పక్కనే బోలెడు దొరుకుతాయి.