తాత బైబిల్‌తో ముత్యాలపాడుకు

మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళుగా ఆమెది ఒకటే కోరిక. "ముత్యాలపాడు గుడిలో ఒక్కసారి ప్రభువు బల్ల సంస్కారం తీసుకోవల్ల. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆడనే. మా నాయన వాక్యం చెప్పే ఉపదేశిగా చేసిందీ ఆడనే." కర్నూలులో మా ఇంటి నుంచి అదేమంత దూరం కాదు. అయినా ఆమె మోకాళ్ళ నొప్పులు, నా పనులు, ఎండలు, ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఈసారి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు మొదలయ్యాక మా అన్న కొడుకు అనంతపురం నుంచి సెలవులకు వచ్చాడు. అక్కడ ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "నేను కారు నడుపుతా జేజీ, పద" అన్నాడు. శనివారం కడపలో మా మేనమామ ఇంట్లో ఉండి, ఆదివారం పొద్దున్నే ముత్యాలపాడుకు రావాలని అనుకున్నాం.

అమ్మ ఒళ్ళో తాత బైబిల్ ఉంది. పాత చీర ముక్కతో కుట్టిన సంచిలో పెట్టుకుంది. అట్ట ఎప్పుడో ఊడిపోతే తాతే గోనెగుడ్డ అంటించి బంకతో అతికించాడు. కీర్తనల దగ్గర పేజీల అంచులు వేళ్ళ చెమటకు నల్లబడ్డాయి. తెరిస్తే పాత కాగితం వాసనతో పాటు కొంచెం కిరసనాయిలు వాసన కూడా వస్తుంది. రాత్రిళ్ళు లాంతరు పక్కన పెట్టుకుని చదివేవాడట. నేను చిన్నప్పుడు ఒకసారి పెట్టెలోకి చెదలు పట్టి యెషయా గ్రంథంలో కొన్ని పేజీల మూలలు తినేశాయి. అమ్మ ఆ రోజు ఏడ్చింది నాకింకా గుర్తుంది.

నంద్యాలలో ఆగి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. మళ్ళీ కారెక్కాక, ఆళ్ళగడ్డ దాటుతుండగా మావాడు మెల్లగా అడిగాడు.

"అత్తా, కోప్పడొద్దు. అచ్చు యంత్రం రాకముందు పద్నాలుగు వందల ఏళ్ళు బైబిల్‌ను చేత్తోనే రాసుకుంటూ వచ్చారు కదా. ఒకడు రాసింది చూసి ఇంకొకడు. మధ్యలో మాటలు మారిపోలేదని ఎట్లా నమ్మేది? హాస్టల్లో ఫ్రెండ్స్ అడిగితే నా దగ్గర జవాబు లేదు."

నేను ఇరవై ఏళ్ళుగా మా సంఘంలో సండే స్కూల్ చెబుతున్నాను. ఆ క్షణం నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "అది దేవుని వాక్యం నాయనా, దేవుడే కాపాడుకున్నాడు" అన్న ఒక్క మాటే. అది నిజమని నా నమ్మకం. కానీ ఎట్లా కాపాడాడు అని కదా వాడు అడిగింది? వాడు ఇంకేం మాట్లాడలేదు. నాకు మనసంతా టెన్షన్‌గా అయిపోయింది. పిల్లలు మనల్ని అడగడం మానేస్తే వేరే చోట అడుగుతారు. ఆ భయం సండే స్కూల్ చెప్పేవాళ్ళందరికీ ఉంటుంది.

జవాబు నాకు కడపలో దొరికింది, అదీ నేను ఊహించని చోట. మా మామ ఇంటికి చేరి భోజనాలయ్యాక, "సాయంత్రం వరకు ఏం చేస్తారు, బ్రౌన్ లైబ్రరీ చూసి రాపోండి" అని ఆయనే పంపించాడు. సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి, ఇక్కడే తెలుగు నేర్చుకున్నాడు. ఆయన తండ్రి కలకత్తాలో క్రైస్తవ బోధకుడు. బ్రౌన్ 1826లో మళ్ళీ కడపకు వచ్చి ఒక బంగళా కొని, పండితులను పెట్టుకుని, సొంత జీతంలోంచి ఖర్చుపెట్టి, అప్పులు కూడా చేసి, చెదలకు పోతున్న తెలుగు గ్రంథాలను బతికించాడు. ఆ బంగళా ఉన్న స్థలంలోనే ఇప్పుడు ఈ గ్రంథాలయం ఉంది.

తాటాకు గ్రంథాన్ని అంత దగ్గర నుంచి నేనెప్పుడూ చూడలేదు. జానెడున్నర పొడుగు ఆకులు, దారం దూర్చడానికి బెజ్జాలు, గంటంతో గీసి మసి రుద్దిన గుండ్రటి అక్షరాలు. పదానికీ పదానికీ మధ్య ఖాళీ లేదు. ఒక ఆకు చివర విరిగిపోయి ఉంది. అక్కడున్న పెద్దాయన ఒకరు, తెలుగు పండితుడిలా ఉన్నారు, మావాడి ఆసక్తి చూసి ఓపిగ్గా చెప్పారు. బ్రౌన్ దొర ఒక కావ్యానికి ఒకే ప్రతిని నమ్ముకునేవాడు కాదట. వేర్వేరు ఊళ్ళ నుంచి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి చదివించి, ఎక్కడ మాట తేడా ఉందో గుర్తు పెట్టించి, అప్పుడు శుద్ధప్రతి రాయించేవాడట.

మావాడు వెంటనే అడిగాడు. "ప్రతులు ఎక్కువైతే తేడాలు ఎక్కువై గందరగోళం కాదా సార్?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "తేడాలు ఎక్కువే కనపడతాయి బాబూ. కానీ ఒక్క ప్రతే ఉంటే అందులో తప్పుందో లేదో నీకు తెలిసేదెట్లా? నంద్యాల ప్రతిలో లేఖకుడు ఒక మాట వదిలేస్తే బందరు ప్రతి పట్టిస్తుంది. ఇద్దరూ ఒకే చోట ఒకే తప్పు చేయరు కదా."

నేను అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. బైబిల్ గురించి పుస్తకాల్లో చదివిన లెక్కలన్నీ అప్పుడు నాకు అర్థమయ్యాయి. కొత్త నిబంధనకు గ్రీకు భాషలోనే 5,000కు పైగా చేతిరాత ప్రతులున్నాయి. కొన్ని పూర్తి గ్రంథాలు, కొన్ని చిన్న ముక్కలు. ఈజిప్టులో ఒకటి, సీనాయి కొండ దగ్గర మఠంలో ఒకటి, ఇంకెక్కడో ఇంకొకటి. ఎవరైనా కావాలని ఒక మాట మార్చాలనుకున్నా, అప్పటికే దేశాలు దాటిపోయిన ప్రతులన్నిటినీ వెతికి మార్చడం ఎవరి తరం? ఇంగ్లండులో మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ లైబ్రరీలో యోహాను సువార్త ముక్క ఒకటుంది. 9 సెంటీమీటర్ల ఎత్తు కూడా లేని పపైరస్ ముక్క, అంటే రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం. యేసు రోమా అధిపతి పిలాతు ముందు నిలబడిన ఘట్టం అందులో ఉంది. రెండో శతాబ్దానిదని ఎక్కువమంది పండితుల అంచనా. అరచేతిలో పట్టే ఆ ముక్కలో ఉన్న వాక్యాలనే మనం ఇవాళ పద్దెనిమిదో అధ్యాయంలో చదువుకుంటున్నాం.

బయటికొచ్చి చెట్టు నీడలో నిలబడి ఇదంతా మావాడికి చెప్పాను. వాడు ఫోన్ తీసి యెషయా గ్రంథపు చుట్టను వెతికాడు. 1947లో మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహలో గొర్రెల కాపరులకు దొరికింది ఈ చుట్ట. 17 తోలు ముక్కలు కలిపి కుట్టారు. పొడవు 7 మీటర్ల పైనే. యేసు పుట్టడానికి వంద ఏళ్ళకు పైగా ముందు రాసింది. ఇవాళ పూర్తిగా మిగిలిన హెబ్రీ పాత నిబంధన ప్రతుల్లో అన్నిటికంటే పాతది 1008వ సంవత్సరం నాటిది. అంటే వెయ్యేళ్ళకు పైగా వెనక్కి వెళ్ళి చూసుకునే అవకాశం దొరికిందన్న మాట. చూస్తే ఏమైంది? అక్షరాల పొల్లులూ వ్రాతల తేడాలూ చాలా ఉన్నాయి, గ్రంథం మాత్రం అదే గ్రంథం. యాభై మూడో అధ్యాయం, మన శుక్రవారపు ఆరాధనల్లో చదివే శ్రమపడే సేవకుడి అధ్యాయం, దాదాపు అలాగే ఉంది. పదకొండో వచనంలో "వెలుగు" అన్న మాట ఎక్కువగా ఉండటం లాంటి కొన్ని తేడాలున్నాయి.

"అంటే తేడా ఉన్నట్టే కదా అత్తా" అన్నాడు.

"ఉంది. దాచలేదు కూడా" అన్నాను. నా దృష్టిలో ఇది ముఖ్యమైన సంగతి. మార్కు సువార్తలో చివరి పన్నెండు వచనాలు బాగా పాత ప్రతులు రెండింటిలో లేవు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ కూడా యోహాను సువార్త పాత ప్రతుల్లో కనపడదు. ఈ సంగతి కొత్త అనువాదాల్లో పేజీ కింద గమనికగా వేస్తున్నారు, ఎవరైనా చదువుకోవచ్చు. మా సంఘాల్లో కొందరు ఇవి పిల్లలకు చెప్పడానికి భయపడతారు. నేనూ భయపడేదాన్ని. ఇకమీదట చెప్తాను.

ఆ రాత్రి మామ ఇంట్లో డాబా మీద పడుకున్నప్పుడు కూడా వాడు అడుగుతూనే ఉన్నాడు. రాతలు మారకపోయినా, మొదట రాసినవాళ్ళు నిజమే రాశారని ఏమిటి గ్యారంటీ? నాకు తోచింది చెప్పాను. కట్టుకథ రాసేవాడు తన పెద్దలను పెద్దలుగానే చూపిస్తాడు. ఈ గ్రంథంలో పేతురు ఒక పనిపిల్లకు కూడా భయపడి, మొత్తం మూడుసార్లు బొంకాడని ఉంది. దావీదు రాజు చేసిన పాపాన్ని ఆయన సొంత జనమే రాసిపెట్టుకున్నారు. స్త్రీల సాక్ష్యానికి విలువ తక్కువగా ఉన్న ఆ రోజుల్లో, ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలేనని నాలుగు సువార్తలూ చెబుతున్నాయి. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో ఇశ్రాయేలులోని కైసరయలో దొరికింది. దావీదు వంశం పేరున్న శాసనం 1993లో ఆ దేశంలోనే తేల్ దానులో దొరికింది. తవ్వకాల్లో దొరికిన రాయి మనకు విశ్వాసం పుట్టించదు. కానీ నిజమైన ఊళ్ళ గురించి, నిజమైన మనుషుల గురించి చదువుతున్నామని ధైర్యం ఇస్తుంది.

అమ్మ నిద్రపోయిందనుకున్నాం. చీకట్లోంచి ఆమె గొంతు వినిపించింది.

"ఆ రాళ్ళూ తోళ్ళూ మంచిదే నాయనా. నాకు మాత్రం ఈ ఇంటి గడప తెలుసు."

మామకూ అమ్మకూ పొలం దగ్గర గొడవ. పదకొండేళ్ళు మాటల్లేవు. తప్పు మామ వైపే ఉంది, ఆ సంగతి ఇప్పుడు ఆయనే ఒప్పుకుంటాడు. ఆ ఏళ్ళన్నీ అమ్మ రోజూ బైబిల్ చదివింది. "మీ శత్రువులను ప్రేమించుడి" అన్న చోటికి వచ్చినప్పుడల్లా పేజీ తిప్పేసేదట. "తిప్పినా అది నన్ను వదల్లేదు. నేను చదివే పుస్తకమైతే మూసేస్తే ఊరుకుంటాది. ఇది నన్ను చదవబట్టె" అంది. ఒక రోజు ఒక్కతే బస్సెక్కి, మేము వద్దన్నా వినకుండా, కడపకు వచ్చి ఈ గడప ముందు నిలబడింది. మామ తలుపు తీసి చాలాసేపు ఏమీ అనలేక, చివరికి "లోపలికి రా అక్కా" అన్నాడు. "నాకు ఇష్టం లేని పనిని ఈ పుస్తకం నా చేత చేయించింది. అధికారం అంటే ఇదే కాదా?" అంది అమ్మ.

మావాడు దానికేమీ అనలేదు. చాలాసేపటికి దుప్పటి జేజి మీదికి కప్పి వచ్చి పడుకున్నాడు.

ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరాం. మైదుకూరు దాటాక ఎండ ఎక్కింది. చాగలమర్రి దగ్గర పక్కదారి పట్టగానే అమ్మ అద్దం దించి ప్రతి చెట్టుకూ ఒక కథ చెప్పడం మొదలుపెట్టింది. ముత్యాలపాడు ఎస్.పి.జి. అనే ఇంగ్లండు మిషన్ సంస్థ పాత ఊరు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో మిషనరీలు ఇక్కడ మకాం పెట్టి, చుట్టుపక్కల పల్లెల్లో బడులు పెట్టారు. తాత అలాంటి బడిలోనే అక్షరాలు నేర్చుకుని, ఆ అక్షరాలతోనే ఈ బైబిల్ చదివి, దాన్ని చంకలో పెట్టుకుని ఊరూరా నడిచాడు. దారిలో నాకు ఇంకొక సంగతి గుర్తొచ్చింది. తెలుగులో సువార్తల అనువాదం విశాఖపట్నంలో 1805 నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి వాళ్ళకు సాయపడ్డాడు. 1812లో శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యేసరికి ఆ మిషనరీలు ఇద్దరూ బతికి లేరు. ఒకరు 1809లో, ఇంకొకరు 1810లో పోయారు. అచ్చయిన పుస్తకం వాళ్ళు చూడనేలేదు.

గుడి ముందు కారు ఆపగానే ఇద్దరు ముసలమ్మలు వచ్చి అమ్మ చేతులు పట్టుకున్నారు. "ఉపదేశి కూతురు కదా నువ్వు" అంది ఒకావిడ. అరవై ఏళ్ళ తర్వాత కూడా ముఖం గుర్తుపట్టారు. అమ్మ మెట్లు ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుంది గానీ, లోపలికి అడుగు పెట్టాక వదిలేసి, తనంతట తనే నడిచి ముందు వరసలో చాప మీద కూర్చుంది.

పాఠాలు చదివేముందు అమ్మ పాస్టరు అయ్యగారికి సైగ చేసింది. మా మనవడు చదువుతాడు, మా నాయన బైబిల్లోంచి చదవల్ల, అంది. ఆ రోజు పాఠం యెషయా యాభై మూడు. మావాడు గోనెగుడ్డ అట్ట రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. గొంతు మొదట కొంచెం వణికింది, తర్వాత సర్దుకుంది. అయిదో వచనం అయింది. "మనమందరము గొఱ్ఱెలవలె..." అని ఆగిపోయాడు. పేజీ తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. చెదలు తిన్న మూల అక్కడే ఉంది. మిగతా మాటలు అక్కడ లేవు.

నేను లేవబోయాను. అంతలో ముందు వరసలోంచి అమ్మ గొంతు, "త్రోవ తప్పితిమి" అంది. పక్కనున్న ముసలమ్మ "మనలో ప్రతివాడును" అని అందుకుంది. వెనక బెంచీలో లుంగీ కట్టుకున్న పెద్దాయన "తనకిష్టమైన త్రోవకు తొలిగెను" అన్నాడు. ఆ తర్వాత ఎవరు అన్నారో తెలియదు, గుడిలో సగం మంది ఒకే గొంతుతో అన్నారు.

"యెహోవా మన యందరి దోషమును అతనిమీద మోపెను."

మావాడు వాళ్ళందరి వైపు ఒకసారి చూసి, తల వంచుకుని, ఏడో వచనం నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు.