త్రిపురలో ముక్తి బాహిని ఊళ్ళు

త్రిపుర వెళ్ళేవాళ్ళు మామూలుగా ఉనకోటి శిల్పాలు, మాతాబారి గుడి, నీర్‌మహల్ చూసుకుని వచ్చేస్తారు. రుద్రసాగర్ చెరువు మధ్యలో తెల్లగా కనిపించే ఆ నీర్‌మహల్ ఉన్న ఊరు మేలాఘర్. 1971లో ఇదే ఊరి అడవిలోంచి, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకా నగరం మీదికి, బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడిన ముక్తి బాహిని గెరిల్లా దళాలు బయల్దేరేవి. పడవ దిగి టీ తాగి వెళ్ళిపోయే టూరిస్టుల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. నేను వెళ్ళింది దానికోసమే.

మాది వైజాగ్. మాకు 1971 అంటే ఘాజీ సబ్‌మెరైను, బీచ్ రోడ్డులో యుద్ధ స్మారకం. డిసెంబరులో జరిగిన పదమూడు రోజుల యుద్ధం గురించి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. దానికి ముందు ఎనిమిది నెలల పాటు నడిచిన గెరిల్లా పోరాటం గురించి మాత్రం మాకెవరూ పెద్దగా చెప్పలేదు. మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో ఊచకోత మొదలుపెట్టింది. తిరగబడ్డ బెంగాలీ సైనికులు, పోలీసులు, కాలేజీ కుర్రాళ్ళు సరిహద్దు దాటి మన వైపు వచ్చారు. వచ్చినవాళ్ళు ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, ఎవరు పెట్టారు? 2023 డిసెంబరులో సెలవు దొరికితే ఆ కుతూహలంతోనే అగర్తలా టికెట్ తీసుకున్నాను.

కోల్‌కతా నుంచి విమానం గంటలోపే. కిటికీలోంచి కనిపించే నదులన్నీ బంగ్లాదేశ్‌వే. అదే రైల్లో అయితే గువాహటి మీదుగా చుట్టు తిరిగి 1500 కిలోమీటర్ల పైమాటే. త్రిపురకి మూడు వైపులా బంగ్లాదేశే, 856 కిలోమీటర్ల సరిహద్దు. అగర్తలా బజారులో ఆటో ఎక్కితే కాసేపట్లో అఖౌరా చెక్‌పోస్టు వచ్చేస్తుంది. ఈ ఊరిని చూశాక ఇక్కడే స్థావరాలు ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు. 1971లో ఈ ఊరి మీద పాకిస్తాన్ ఫిరంగి గుండ్లు కూడా పడ్డాయి. ఆతిథ్యం ఇచ్చిన ఊరికి అది తప్పదు మరి. లిచుబాగాన్‌లో ఆల్బర్ట్ ఎక్కా పేరు మీద పార్కు ఉంది. డిసెంబరు 3 రాత్రి అఖౌరా అవతల గంగాసాగర్ పోరులో చనిపోయి పరమవీర చక్ర పొందిన సైనికుడాయన. అదొకసారి చూసి, మర్నాడు పొద్దున్నే కారు మాట్లాడుకుని దక్షిణానికి బయల్దేరాను.

డ్రైవరు దాదాకి నలభై దాటి ఉంటాయి. హిందీ బాగానే మాట్లాడతాడు. మేలాఘర్‌లో ఏం చూడాలి అంటే నీర్‌మహల్ అన్నాడు. "ముక్తి బాహిని క్యాంపు" అనగానే అద్దంలోంచి నాకేసి ఓసారి చూసి, "అక్కడ రబ్బరు తోటలు తప్ప ఏముంది దాదా?" అన్నాడు. దేశంలో కేరళ తర్వాత రబ్బరు ఎక్కువ పండేది త్రిపురలోనే. దారి పొడుగునా అవే చెట్లు, ప్రతి చెట్టుకీ నడుం దగ్గర ఏటవాలు గాటు, దాని కింద కట్టిన చిన్న కప్పులోకి చుక్క చుక్కగా పాలు.

మొదట బిశ్రామ్‌గంజ్‌లో ఆగాం. ఇప్పుడది జిల్లా కేంద్రం. అప్పట్లో ఇక్కడొక పండ్ల తోటలో వెదురు గోడలతో, వెదురు మంచాలతో బంగ్లాదేశ్ ఫీల్డ్ హాస్పిటల్ నడిచింది. లండన్‌లో పెద్ద సర్జన్లు కాబోతూ చదువు మధ్యలో వదిలేసి వచ్చిన జఫ్రుల్లా చౌధురి, మోబిన్ దాన్ని నిలబెట్టారు. కెప్టెన్ సితారా బేగం అక్కడ పనిచేసి తర్వాత బంగ్లాదేశ్ శౌర్య పురస్కారం బీర్ ప్రతీక్ అందుకున్నారు. నర్సులు దొరక్క, శరణార్థులుగా వచ్చిన అమ్మాయిలకే కట్లు కట్టడం, ఇంజెక్షన్లు ఇవ్వడం నేర్పించారు. మామూలు ఆడపిల్లలు కొద్ది రోజుల్లో ఆ పని నేర్చుకోగలగడం జఫ్రుల్లా మనసులో నాటుకుపోయింది. యుద్ధం అయ్యాక ఢాకా దగ్గర సావర్‌లో ఆయన పెట్టిన గణస్వాస్థ్య కేంద్రంలో పల్లెటూరి అమ్మాయిలనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారు చేశారు. యుద్ధంలోంచి పుట్టినవాటిలో నాకు నచ్చింది ఇదొక్కటే.

మేలాఘర్ చేరేసరికి భోజనాల వేళ. హోటల్లో అన్నం, పప్పు, చెరువు చేపల పులుసు. పక్క బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన, నేను దేనికొచ్చానో డ్రైవరు చెప్పగానే, చెయ్యి కడుక్కుని వచ్చి మా దగ్గరే కూర్చున్నాడు. అప్పుడాయనకి పదకొండో పన్నెండో ఏళ్ళట. బడి మూసేసి శరణార్థుల్ని పెట్టారు కాబట్టి ఆయనకి ఏడాదంతా సెలవులే. "మేం కుర్రాళ్ళం కదా, మాకది పండగే. మా అమ్మకే నరకం" అన్నాడు నవ్వుతూ. ఇంట్లో చుట్టాలు కానివాళ్ళు వరండా నిండా ఉండేవారట. పెద్ద గుండిగలో ఖిచుడీ వండి, గిన్నె ఎవరు పట్టుకొస్తే వాళ్ళకి పోసేదట వాళ్ళమ్మ. 1971 లెక్కల ప్రకారం త్రిపుర జనాభా 15 లక్షల చిల్లర. వచ్చిన శరణార్థులు దాదాపు 14 లక్షలు. ఇంటికి ఎంతమంది ఉన్నారో అంతమంది చుట్టాలొచ్చి నెలల తరబడి ఉండిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

క్యాంపు ఉన్న వైపు ఆయనే చెయ్యి చూపించాడు. నాకు కనిపించినంతలో ఎర్రమట్టి గుట్టలు, చెట్లు. డ్రైవరు చెప్పింది అబద్ధమేం కాదు. కానీ జులైలో బంగ్లాదేశ్ ప్రవాస ప్రభుత్వం యుద్ధరంగాన్ని 11 సెక్టార్లుగా విడగొట్టినప్పుడు మొదటి మూడింటి కేంద్రాలూ త్రిపురలోనే ఉన్నాయి: హరిణా, మేలాఘర్, హెజామారా. మేలాఘర్‌ది రెండో సెక్టారు, ఢాకా దాని కిందికే వచ్చేది. మేజర్ ఖాలేద్ మొషారఫ్ కమాండర్, కెప్టెన్ హైదర్ శిక్షణ ఇచ్చేవాడు. ఊళ్ళలోంచి వచ్చిన కుర్రాళ్ళని ముందు యువ శిబిరాల్లో ఉంచేవారు. అక్కణ్ణుంచి ఏరి, కొన్ని వారాలు తర్ఫీదు ఇచ్చి, గ్రెనేడ్లు, పేలుడు పదార్థాలు అప్పగించి చిన్న చిన్న గుంపులుగా రాత్రిపూట పంపేవారు. మన సైన్యం ఆయుధాలు సరిపడా ఇవ్వడం లేదని మొదటి నెలల్లో వాళ్ళు గొణుక్కునేవారు. ఇటు డెహ్రాడూన్ దగ్గర చక్రాతాలో విడిగా తర్ఫీదైన, బంగ్లాదేశ్ నాయకుడు షేక్ ముజీబ్ అనుచరుల దళం ముజీబ్ బాహినికీ, ఈ సెక్టార్ల వాళ్ళకీ అసలు పడేది కాదు. అంతా ఒక్క కుటుంబంలా ఉన్నారని రాసేవాళ్ళని నమ్మకండి.

ఇక్కణ్ణుంచి వెళ్ళిన ఢాకా కుర్రాళ్ళ దళానికే తర్వాత క్రాక్ ప్లటూన్ అని పేరొచ్చింది. ప్రపంచ బ్యాంకు బృందం ఢాకాలో ఉన్నప్పుడు, జూన్ 9న హోటల్ ఇంటర్‌కాంటినెంటల్ మీద గ్రెనేడ్లు విసిరారు. నష్టం ఎంతన్నది కాదు లెక్క, "తూర్పు పాకిస్తాన్‌లో అంతా ప్రశాంతం" అని పాకిస్తాన్ చెబుతున్న మాట అతిథుల ముందే తేలిపోయింది. డిసెంబరు 16న లొంగుబాటు రోజున మన సేనాని అరోరా, పాకిస్తాన్ సేనాని నియాజీల పక్కన నడుస్తున్న హైదర్ ఫోటోల్లో కనిపిస్తాడు. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1975 నవంబరు 7న, ఖాలేద్‌నీ హైదర్‌నీ ఢాకాలో సొంత సైన్యంలోని వాళ్ళే చంపేశారు. ఆ మాట చెబితే పెద్దాయన "జానీ, జానీ" (తెలుసు, తెలుసు) అని తలూపాడు.

చోత్తాఖోలా ఇంకా దూరం, బెలోనియా వైపు. త్రిష్ణా అభయారణ్యం దాటాక వస్తుంది. ఫేనీ జిల్లా నుంచి వచ్చిన గెరిల్లాల స్థావరం ఇది. 2017 డిసెంబరు 16న భారత్-బంగ్లాదేశ్ మైత్రీ ఉద్యానంగా తెరిచారు. బంకర్లు, ఇందిర, ముజీబ్ విగ్రహాలు, పిక్నిక్ గుంపులు. డీజే పాటల మధ్య బంకరులోకి దిగి చూశాను, తడి మట్టి వాసన, లోపల ఎవరో తిని పారేసిన చిప్స్ కవర్లు. నేనొచ్చిన మరుసటి ఏడాది ఆగస్టులో ఢాకాలో ముజీబ్ విగ్రహాల్ని తాళ్ళు కట్టి లాగేస్తుంటే టీవీలో చూస్తూ ఈ పార్కే గుర్తు చేసుకున్నాను.

అక్కణ్ణుంచి సబ్రూమ్. దారిలో చాలాచోట్ల ముళ్ళకంచె రోడ్డు పక్కనే నడుస్తుంది. కంచె వేసింది అసలు సరిహద్దుకి 150 గజాలు ఇవతల. అందుకని మన రైతుల పొలాలు కొన్ని కంచెకి అవతల పడ్డాయి. గేటు దగ్గర గుర్తింపు కార్డు జవానుకిచ్చి ఇద్దరు ఆడవాళ్ళు కొడవళ్ళతో అవతలికి వెళ్ళడం చూశాను. సాయంత్రం గేటు వేసేలోగా రావాలి. ఈ కంచె 1971లో ఉంటే ముక్తి బాహిని లేదనే చెప్పాలి.

సబ్రూమ్‌లో ఫేనీ నది. చలికాలంలో సన్నటి పాయ, అవతలి గట్టున రామ్‌గఢ్. 1971 మే 2న రామ్‌గఢ్ పాకిస్తాన్ చేతిలో పడ్డాక తిరుగుబాటు సైనికులు ఈ నది దాటే ఇటొచ్చారు. కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ చిట్టగాంగ్ కొండల్లోని చక్మాలు, త్రిపురులు తమ భూములు పోతున్నాయని కొత్త దేశం మీదే తిరగబడ్డారు. వాళ్ళ శాంతి బాహినికీ 1975 తర్వాత ఇదే త్రిపుర అడవుల్లో చోటిచ్చారు. 1997 డిసెంబరు 2 ఒప్పందం దాకా అది నడిచింది. మరోపక్క, దేశ విభజన నుంచీ వచ్చిపడిన శరణార్థులతో సొంత గడ్డ మీదే మైనారిటీ అయిపోయిన త్రిపుర గిరిజనుల్లోంచి ఎన్‌ఎల్‌ఎఫ్‌టీ, ఏటీటీఎఫ్ అనే సాయుధ సంస్థలు పుట్టాయి. వాళ్ళ క్యాంపులు బంగ్లాదేశ్‌లో ఉండేవి. మనం ఇటు చోటిస్తే విముక్తి, వాళ్ళు అటు చోటిస్తే ఉగ్రవాదం అని మన పేపర్లు రాశాయి. అవతలి పేపర్లు తిరగేసి రాసుంటాయి.

తిరుగు దారిలో చీకటి పడ్డాక డ్రైవరు దాదా నోరు విప్పాడు. తొంభైల్లో అస్సాం రోడ్డు మీద జవాన్ల కాన్వాయ్ లేనిదే బండి కదిలేది కాదట. వాళ్ళ మేనమామని మిలిటెంట్లు పట్టుకుపోతే, పొలం అమ్మి డబ్బు కట్టి విడిపించుకున్నారట. ఆ మామని అవతలే, సరిహద్దు దాటించి ఉంచారట. వాళ్ళ తాత మాత్రం 1971లో ముక్తి బాహిని కుర్రాళ్ళకి రాత్రిపూట దారి చూపించేవాడు. ఈ రెండూ ఒకే గొంతుతో చెప్పాడు.

2024 సెప్టెంబరులో ఢిల్లీలో ఒప్పందం కుదిరి, ఆ రెండు సంస్థలకి చెందిన 584 మంది ఆయుధాలు అప్పగించారు. వాళ్ళ పునరావాసానికి ప్యాకేజీ ప్రకటించారు. ఆ వార్త లింకు దాదాకి వాట్సాప్‌లో పంపాను. బదులుగా వాయిస్ మెసేజ్ పెట్టాడు: "బాగుంది దాదా. మా మామ పొలం డబ్బులు ఆ ప్యాకేజీలో ఉన్నాయేమో కాస్త చదివి చెప్పు."