మెడ మీది నలుపు మురికి కాదు

అమ్మ సున్నిపిండి పెట్టి రుద్దేది, నిమ్మచెక్కతో తోమేది. నా మెడ మీది నలుపు పోలేదు సరికదా, చంకల్లోకీ పాకింది. 2019లో, నా పన్నెండో ఏట, జ్వరమని హైదరాబాద్‌లో మా బస్తీ దవాఖానాకు వెళ్తే డాక్టరమ్మ జ్వరం సంగతి చూసి, మెడ దగ్గర ఆగారు.

బరువు 58 కిలోలు. గోడకు నిలబెట్టి ఎత్తు కూడా కొలిచారు, 148 సెంటీమీటర్లు. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క, బీఎంఐ, 26.5 వచ్చింది. పెద్దవాళ్ల హద్దులు పిల్లలకు పనికిరావట. వయసును బట్టి ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు చార్టులుంటాయి. అందులో నా చుక్క ఊబకాయం గీత పైన పడింది. నడుము ఎత్తులో సగాన్ని దాటింది. రాత్రి గురక పెడుతుందా, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడిగారు. నాన్నకు ఉంది. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే మెడ అలా నల్లబడుతుందని అప్పుడే విన్నాం. పరగడుపు షుగర్ 108 వచ్చింది. 100 లోపు ఉండాలి.

నానమ్మ ఒప్పుకోలేదు. "ఎదిగే పిల్ల, కాస్త బొద్దుగా ఉంటే ఏమైందమ్మా?"

"పస్తు పెట్టమనట్లేదు పెద్దమ్మా. బరువు పెరగకుండా చూస్తే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ లెక్క అదే దిగుతుంది. కానీ పిల్లకొక్కదానికే వేరే వంట పెట్టొద్దు. ఇంట్లో అందరూ మారాలి."

బడిలో 'గున్న' అని పిలిపించుకుని వచ్చేదాన్ని. ఇంట్లోనూ నా కంచం వైపే అందరూ చూస్తే ఏమైపోయేదాన్నో. ఆ ఒక్క మాటే నన్ను నిలబెట్టింది.

ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకు సీసాలు పోయి మజ్జిగ వచ్చింది. సాయంత్రం బిస్కెట్లకు బదులు శనగ గుగ్గిళ్లు. అన్నం తగ్గి పప్పూ కూరా పెరిగాయి. పదింటి భోజనం ఎనిమిదికి మారింది, టీవీ ముందు కాదు. రోజూ గంటసేపు ఆట. లాక్‌డౌన్‌లో డాబా మీద నాన్నా నేనూ తాడాట ఆడాం. ఆయన షుగరూ దిగింది.

పద్నాలుగేళ్లకు 156 సెంటీమీటర్లు, 59 కిలోలు. ఊబకాయం గీత కిందికి దిగాను, ఇంకా అధిక బరువే. షుగర్ 92. మెడ చాలావరకు తేటపడింది.

ఇంటర్ హాస్టల్‌లో ఆటస్థలం లేదు, రాత్రి దాకా స్టడీ అవర్లు. మళ్లీ బరువు పెరిగాను. సెలవులకు వచ్చి అదే దవాఖానాకు వెళ్తే డాక్టరమ్మ ఒక్క మాట అనలేదు. ఎత్తూ బరువూ కొలిచి, పరగడుపు పరీక్ష రాసి, మెస్‌లో పెట్టే వాటిలో ఏది ఎంత తినాలో నాతోనే రాయించారు.