‘ఎవరికీ ఎవరికీ?’

పత్రికలో అనువాదకురాలిగా చేరిన కొత్తలో నన్ను బాగా తిప్పలు పెట్టిన ఇంగ్లిష్ మాట ‘కాంట్రవర్షియల్’. అర్థం తెలియక కాదు, తెలుసనుకోవడం వల్ల. కనిపించిన చోటల్లా ‘వివాదాస్పద’ అని రాసేసి ముందుకు వెళ్లిపోయేదాన్ని.

2020 సెప్టెంబరులో సాగు చట్టాల వార్తలు వరదలా వచ్చేవి. ఒకరోజు నా కాపీలో ఆ మాట నాలుగుసార్లు పడింది. మా సీనియర్ నాలుగింటికీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, పక్కన ‘ఎవరికీ ఎవరికీ?’ అని రాశారు. ‘చూడమ్మా, వివాదమంటే రెండు పక్షాలుండాలి కదా. అవేమిటో చెప్పకుండా ముద్ర వేస్తే ఎలా?’ అన్నారు. ‘మద్దతు ధరకు ముప్పని రైతు సంఘాలు, పంటను ఎక్కడైనా అమ్ముకోవచ్చని ప్రభుత్వం వాదిస్తున్న చట్టాలు’ అని తిరగరాశాను. వాక్యం పొడవైంది, విషయం మాత్రం తేటపడింది.

ఆ రాత్రి నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. ఇంగ్లిష్ మాటకు మూలం లాటిన్: ఒకదానికొకటి ఎదురు తిరిగినవి అని. ఎవరిది తప్పో అది చెప్పదు. మన ‘ఆస్పదం’ అంటే చోటు. వివాదానికి చోటైనది వివాదాస్పదం. ఇందులోనూ నింద లేదు. కానీ అనుమానాస్పదం, హాస్యాస్పదం విని విని మన చెవికి ఆ ‘ఆస్పదం’లోనే ఏదో మచ్చ వినిపిస్తుంది. ‘వివాదాస్పద వ్యక్తి’ అనగానే ఏదో తప్పు చేసినవాడనుకుంటాం. మనిషికి ఆ మాట తగిలించడం అన్యాయమని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే.

ఇంకో చిక్కు: అన్నదమ్ములు కొట్లాడుకునే పొలాన్ని ఇంగ్లిష్‌లో ‘డిస్ప్యూటెడ్’ అంటారు, కాంట్రవర్షియల్ అనరు. జనం బహిరంగంగా రెండుగా చీలి వాదించుకుంటేనే ఈ మాట. తెలుగులో రెండింటికీ వివాదాస్పదమే వాడేస్తాం. పొలం సంగతైతే ‘తగాదాలో ఉన్న’ అని రాయడం అలవాటు చేసుకున్నాను.

తర్వాత గిడుగు రామమూర్తిపై వ్యాసం చేతికొచ్చింది. చదువుల్లో వాడుక భాష ఉండాలన్న ఆయన వాదాన్ని 1910లలో జయంతి రామయ్య పంతులు వంటి పండితులు గట్టిగా ఎదిరించారు. ఈనాడు ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అందుకే ‘ఆ రోజుల్లో వివాదాస్పదమైన’ అని రాసి, ఎవరితో, దేనిపైనో కూడా చేర్చాను. ఆ కాగితం ఎర్ర సిరా లేకుండా తిరిగొచ్చింది.