ఐసొలెట్‌లో గడ్డకట్టిన పచ్చ గ్రీజు

మ్యూనిక్‌లో కెమెరా రిపేరు పనిలో చేరే మనవాళ్ళ బల్ల మీదికి తరచూ వచ్చేది ఆగ్ఫా ఐసొలెట్. ఈ ఊళ్ళోనే తయారైంది కాబట్టి తాతల బీరువాల్లోంచి ఇప్పటికీ బయటపడుతూ ఉంటుంది. మనం ఊళ్ళో చూసిన ఆగ్ఫా అంటే బరోడాలో చేసిన క్లిక్ త్రీ. ఐసొలెట్ మాత్రం బెలోస్ (లెన్స్ వెనకుండే ముడతల గొట్టం) మడతపడే రకం, 120 రోల్ ఫిల్మ్ మీద 6×6 సెంటీమీటర్ల ఫొటోలు 12 వస్తాయి.

ఫోకస్ రింగ్ బిగుసుకుపోయిందనో, ఫొటోలన్నీ మసకగా వస్తున్నాయనో తెచ్చిస్తారు. రెండింటికీ కారణం లెన్స్‌లోని ముందు గ్లాసు థ్రెడ్‌లో (మర చుట్లలో) కంపెనీ వేసిన గ్రీజే. ఏళ్ళ తరబడి ఉండి అది పచ్చటి లక్కలా గట్టిపడుతుంది. ఎవరో బలవంతంగా తిప్పితే ముందు గ్లాసుతో పాటు మధ్య గ్లాసు కూడా తిరిగి వదులవుతుంది. ఇక రింగ్ మీది దూరం అంకెలను నమ్మడానికి లేదు.

రింగ్ అంచున మూడు బుల్లి స్క్రూలుంటాయి. వదులు చేస్తే చాలు, బయటికి తీయొద్దు. అంటుకున్న రెండు గ్లాసుల్నీ కలిపే విప్పి బెంజిన్‌లో (శుద్ధి చేసిన పెట్రోలు రకం) రాత్రంతా నానబెట్టాలి. ఇక్కడ మందుల షాపులో వుండ్‌బెంజిన్ అని అడిగితే ఇస్తారు. అది పూర్తిగా ఆరాకే హెయిర్ డ్రయర్ పెట్టాలి, లేదంటే భగ్గుమంటుంది. వేడెక్కాక రెండువైపులా రబ్బరు ముక్కలతో పట్టుకుని విప్పాలి. రాకపోతే మళ్ళీ నానబెట్టండి గానీ పట్టకారు మాత్రం వద్దు. ఇత్తడి కాస్త వంగినా థ్రెడ్ ఇక ఎక్కదు. సోలినార్ లెన్స్ అయితే వెనక గ్లాసుకు వేడి తగలనివ్వకండి, అక్కడ రెండు గ్లాసులు అతికించి ఉంటాయి.

థ్రెడ్ విడిపోయే చోట రెండు అంచుల మీదా సూదితో గీత పెట్టుకోండి. వేరే చోట ఎక్కిస్తే ఫోకస్ ఎప్పటికీ కుదరదు. పాత గ్రీజును పుల్లతో, ఐసోప్రొపనాల్‌తో (ఒక రకం ఆల్కహాల్) తీసేసి, కొత్తది పల్చగా పూయాలి. ఎక్కువైతే షటర్ రేకుల మీదికి పాకుతుంది.

షటర్ ప్రాంటర్-ఎస్‌వీ మోడల్ అయితే 1 సెకను నుంచి 1/300 దాకా స్పీడ్లుంటాయి. 1 సెకను మధ్యలో ఆగిపోతే పళ్ళచక్రాలకు బెంజిన్ చుక్కలు వేసి, కొన్నిసార్లు నొక్కి, ఆరనివ్వాలి. గడియారపు నూనె ఇరుసులకు మాత్రమే, అదీ సూదిమొనంత. రేకులు పొడిగానే ఉండాలి. సెల్ఫ్ టైమర్ జోలికి పోవద్దు, అది ఇరుక్కుంటే షటర్ మొత్తం ఆగిపోతుంది.

ఇక ఇన్ఫినిటీ, అంటే చాలా దూరపు వస్తువులకు ఫోకస్ కుదర్చడం. ఫిల్మ్ ఆనే పట్టాల మీద గ్రౌండ్ గ్లాస్ (ఒకవైపు గరుకైన గాజు పలక) పెట్టాలి, గరుకు వైపు లెన్స్‌కేసి ఉండాలి. షటర్‌ను బీలో (నొక్కి ఉంచినంతసేపూ తెరుచుకునే సెట్టింగ్) తెరిచి, అపర్చర్ పూర్తిగా విప్పి, దూరంగా ఫ్రావెన్‌కిర్ష చర్చి గోపురాల అంచుని లూప్‌తో (చిన్న భూతద్దం) చూస్తూ ముందు గ్లాసు తిప్పాలి. స్పష్టమైన చోటు దాటి, వెనక్కొచ్చి, మధ్యలో ఆపాలి. అప్పుడు రింగ్‌ను ఇన్ఫినిటీ గుర్తు దగ్గర పెట్టి మూడు స్క్రూల్నీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి.

వీటన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. చీకట్లో బెలోస్ లోపల టార్చి వేసి చూస్తే చిల్లులున్న మడతల మూలల్లో చుక్కలు వెలుగుతాయి. ఆగ్ఫా బెలోస్‌కు ఈ జబ్బు మామూలే. పని మొదలుపెట్టే ముందే ఖర్చు అంచనా కాగితం మీద రాసివ్వడం ఇక్కడి రివాజు. లెన్స్ పనంతా అయ్యాక చిల్లులు కనబడితే పైడబ్బులు అడగడానికి నోరు రాదు.