సబ్ వచ్చింది, బేస్ పోయింది

శనివారం

పోయిన బతుకమ్మకు దోస్తు కోసం మిక్స్ చేసిన పాట ఒకటి ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. కాజీపేటలో మా వెనుక గదిలో విన్నప్పుడు డోలు దెబ్బ పల్చగా తోచింది. 60 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 60 సార్లు అదిరే లోతైన బేస్ దగ్గర పెంచాను. చాలలేదనిపించి మళ్లీ పెంచాను. తీరా మా వాడకట్టులో డీజే బాక్సులకు ఎక్కేసరికి దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు లేకుండా ఒకటే మోత, పాట మాటలు ఎవరికీ వినపడలేదు.

తప్పు బాక్సులది కాదు. మిక్సింగ్ వినడానికి నేను వాడే స్పీకర్లు, యమహా హెచ్ఎస్5 మానిటర్లు, 5 అంగుళాలవి. 74 హెర్ట్జ్ కిందికి దిగితే వాటి గొంతు తగ్గుతూ పోతుంది, 54 దగ్గరికి వచ్చేసరికి 10 డెసిబెల్స్ పడిపోతుంది. నాకు వినపడని దాన్ని నేనే పెంచుకుంటూ పోయాను. అందుకే చిట్టీ డబ్బులు రాగానే అదే కంపెనీ హెచ్ఎస్8ఎస్ సబ్, అంటే బేస్ ఒక్కటే మోగించే సబ్‌వూఫర్, తెచ్చాను. ఇల్లు అదరగొట్టడానికి కాదు, డోలు అడుగున ఏం జరుగుతోందో వినడానికి.

కంప్యూటర్ నుంచి స్పీకర్లకు శబ్దం పంపే ఇంటర్‌ఫేస్ స్కార్లెట్ 2ఐ2. దానికి వెనుక ఉన్నవి రెండే లైన్ అవుట్లు. కాబట్టి అవి రెండూ సబ్ ఇన్‌పుట్లకు, సబ్ అవుట్‌పుట్ల నుంచి ఎడమ, కుడి మానిటర్లకు. ఒక లైన్‌ను రెండుగా చీల్చే వై కేబుల్ పెట్టుకోవచ్చు గానీ, అప్పుడు చిన్న స్పీకర్లకు కూడా బేస్ మొత్తం పోతూనే ఉంటుంది, 80 దగ్గర రెండూ కలిసి అరుస్తాయి. సబ్ మీదుగా పోతే మానిటర్లకు బేస్ పోకుండా ఆపే లో కట్ ఆన్ చేసి, దాన్నీ, సబ్‌కు పై శబ్దాలు పోకుండా ఆపే హై కట్‌నూ 80 దగ్గర పెడితే చాలు, కింది బరువు సబ్‌ది, మీదిది మానిటర్లది. ఇంకో లాభం, ఇంటర్‌ఫేస్ మీది ఒక్క నాబ్ తిప్పితే మూడూ కలిసే పెరుగుతాయి, తగ్గుతాయి.

కేబుళ్లు నేనే టంకం పెట్టుకున్నాను. హన్మకొండ చౌరస్తాలో మైక్ సెట్ సామాను అమ్మే కొట్టులో పి38 (పావు అంగుళం) స్టీరియో పిన్నులు, కానన్ (ఎక్స్ఎల్ఆర్) మేల్ పిన్నులు, రెండు తీగలూ షీల్డూ ఉన్న మైక్ వైరు దొరికాయి. అడిగేటప్పుడు "స్టీరియో" అని గట్టిగా చెప్పాలి, ఊరికే పి38 అంటే మోనో చేతిలో పెడతారు. మోనోతో బ్యాలెన్స్‌డ్ లైన్, అంటే రెండు తీగల్లో ఒకటి తిరగేసి పంపి బయటి రొదను కొట్టేసే లైన్, కాదు, హమ్ (కరెంటు గుయ్యిమనే మోత) పట్టుకునే దారి తెరిచినట్టే. పి38 పిన్ను కొస కానన్‌లోని 2వ పిన్నుకు, మధ్య రింగు 3కు, మొదలు భాగం 1కి.

ఆదివారం

అన్నీ కలిపి ప్లే నొక్కాను. బేస్ పెరగడం కాదు, ఉన్నది కూడా పోయింది! సబ్ కోన్ (ముందు అదిరే గరాటు) కదలడమే లేదు. గాత్రం కూడా నడిమధ్యన నిలబడకుండా చెవుల వెనక్కి పోయినట్టు ఉంది.

గంటసేపు సబ్‌నే అనుమానించాను. వాపసు పంపుదామని డబ్బా కూడా అటక మీది నుంచి దించాను. చివరికి విసుగొచ్చి పాటను పూర్తిగా ఎడమ స్పీకర్‌కు తిప్పాను (పాన్ చేశాను). సబ్ గుభీమని మోగింది. కుడికి తిప్పాను, అప్పుడూ మోగింది. మధ్యకు తెస్తే మూగనోము. విడివిడిగా ఇద్దరూ బంగారాలే, ఒక ఇంట్లో పెడితే మాటల్లేవు.

అప్పుడు వెలిగింది. సబ్ లోపల ఎడమ, కుడి రెండూ కలిసి ఒకటవుతాయి. పాటలో బేస్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఒక కేబుల్ తిరగబడితే ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, కూడితే సున్నా. మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి చూశాను. కుడి కేబుల్లో 2, 3 తారుమారు. రాత్రి పదకొండుకు టంకం పెట్టినందుకు ఫలితం. తిప్పి అతికించాను, అంతే.

తర్వాత సన్నగా ఒక హమ్ మిగిలింది. సబ్‌ను తలుపు దగ్గరి బోర్డుకు పెట్టాను, మిగతావి బల్ల దగ్గరి బోర్డులో ఉన్నాయి. అన్నీ ఒకే స్పైక్ గార్డ్‌కు తెచ్చాక పోయింది. హమ్ పోవాలని ప్లగ్గుకు మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయకండి. అది ప్రాణం కాపాడే పిన్ను.

మళ్లీ ఆదివారం

ఈ వారం మొత్తం చోటు వెతకడమే. గది 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, స్లాబు ఎత్తు కూడా 10. లెక్క వేస్తే పొడవుకు 47 హెర్ట్జ్ దగ్గర, వెడల్పుకూ ఎత్తుకూ రెండింటికీ 57 దగ్గర గది తనంతట తాను పాడుతుంది. రెండు కొలతలు ఒకటై 57 ఇంకా గట్టిగా మోగడం మన అదృష్టం! పైగా నా కుర్చీ సరిగ్గా పొడవు మధ్యన ఉంది, 47 వినపడకుండా పోయే చోటు అదే. కుర్చీని ముందు గోడకు నాలుగున్నర అడుగుల దూరానికి జరిపాను.

సబ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, బేస్ స్వరాలు లూప్‌లో పెట్టి, నేను గోడల వెంట మోకాళ్ల మీద పాకాను. అమ్మ తలుపులోంచి చూసి, "ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా?" అంది. మూలలో ఒక్కో స్వరం చెవులు పగలగొడుతోంది, ఇంకోటి మాయమవుతోంది. ముందు గోడకు, నడిమికి కాస్త ఎడమగా, అన్ని స్వరాలూ ఇంచుమించు సమానంగా వినిపించాయి. సబ్ ఇప్పుడు అక్కడే ఉంది, కింద రెండు సిమెంటు ఇటుకలు.

సబ్ కదలికను తిరగేసే ఫేజ్ స్విచ్‌కు తేలిక పద్ధతి: 80 హెర్ట్జ్ టోన్ పెట్టి కుర్చీలో కూర్చుని, ఇంకొకరిని స్విచ్ అటూ ఇటూ మార్చమనాలి. ఎటు గట్టిగా వినిపిస్తే అటే ఉంచాలి. తమ్ముడు మార్చాడు, రివర్స్‌లో నిలిచింది. లెవెల్ కోసం బెరింగర్ ఈసీఎం8000 మైక్‌కు 48 వోల్టులు ఇచ్చి, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజర్డ్ సాఫ్ట్‌వేర్‌లో స్వీప్, అంటే కింది నుంచి పైదాకా సాగే టోన్, పెట్టి కొలిచాను. 80 దగ్గర గీత మెట్టులా లేవకుండా, గుంటలా పడకుండా ఉండేదాకా సబ్ నాబ్ తగ్గించాను. అనుకున్నదానికన్నా చాలా కిందికి వచ్చింది. మధ్యలో గూడ్సు బండి పోయినప్పుడల్లా గ్రాఫ్ అడుగున గుట్ట లేచింది, ఆ కొలతలన్నీ తీసేసి మళ్లీ చేశాను.

గోడలకు కొత్తవాడ జంపఖానాలు రెండు వేలాడదీశాను. చప్పట్ల మారుమోత తగ్గింది గానీ 57కు అవి చీమ కుట్టినట్టు కూడా కాదు. మూలలకు దళసరి పత్తి మూటలు అనుకుంటున్నాను.

బతుకమ్మ పాట ప్రాజెక్టు మళ్లీ తెరిచాను. 60 దగ్గర నేను పెంచింది 6 డెసిబెల్స్. తీసేసినా డోలు నిండుగానే ఉంది. ఇంకో చప్పుడు వినిపించి వెతికితే పక్క గదిలో బీరువా తలుపు, 63 దగ్గర గడగడలాడుతోంది. సందులో అట్టముక్క మడిచి పెట్టాను. దాన్ని తీయొద్దని అమ్మకు చెప్పాలి.